ఒకటో గీత

4, సోమవారం

అక్షరాల్లో తప్పులుంటే క్షమించాలి. రాత కూడా కోడి గెలికినట్టు ఉంటుంది. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇది ఎవరూ చదవరని తెలుసు. అయినా ఏం రాయబోయినా ముందు ఈ మాట రాయనిదే చెయ్యి కదలదు.

ఈ పుస్తకం నర్సక్క ఇచ్చింది. ముందు వైపు నుంచి మామయ్య తాలూకు అంకెలు నేను రాయాలి. రోజుకు మూడుసార్లు, వేలికి పెట్టే మీటరు ఎంత చూపిస్తోందో, ఆక్సిజన్ మెషిన్ ఏ గీత మీద ఉందో. నేను పుస్తకాన్ని తిరగేసి వెనక నుంచి నా మాటలు రాసుకుంటున్నాను. రాసుకోమన్నది మామయ్యే. నేను కోడలిగా వచ్చి ఏడాదిన్నర అవుతున్నా నా గొంతు ఎలా ఉంటుందో ఈ ఇంటి గోడలకు కూడా తెలియదని ఆయన హాస్యం. "నోటితో రాకపోతే చేత్తో చెప్పుకో పిల్లా. లోపల పెట్టుకుంటే ఊపిరాడదు" అన్నారు.

మెషిన్ వచ్చి నాలుగు రోజులైంది. మంచం పక్కన చిన్న బీరువాలా నిలబడి గుర్రు పెడుతుంది. దాని ముందు వైపు గాజు గొట్టం, అందులో మిరియం గింజంత నల్ల గుండు. కింద నాబు తిప్పితే గుండు పైకి తేలుతుంది. ఒకటి నుంచి ఐదు దాకా గీతలు. గుండు ఒకటో గీత మీద ఉండాలి, దాటకూడదు. మీటరులో అంకె ఎనభై ఎనిమిదికీ తొంభై రెండుకీ మధ్య ఉంటే చాలు. ఎక్కువ పెడితే ప్రమాదమని నర్సక్క గుమ్మంలో నిలబడి మా ఆయనతో చెబుతుంటే వంటగదిలో గ్లాసులు కడుగుతూ విన్నాను. ఏం ప్రమాదమో అడగలేదు. గదిలో అగ్గిపుల్ల గీయకూడదని తలుపు మీద కాగితం అంటించి వెళ్ళింది కాబట్టి అదే అయి ఉంటుంది.

తొంభై రెండు చాలట. మా బడిలో అయితే తొంభై ఎనిమిది వచ్చినవాళ్ళనే ముందు వరుసలో కూర్చోబెట్టేవారు. నేనెప్పుడూ కూర్చోలేదు.

5, మంగళవారం

ఈ రోజు ప్యాకింగ్. అమ్మకానికి పంపాలని నిన్నటి నుంచి మేత ఆపిన చేపపిల్లలను పెరట్లో సిమెంటు తొట్లలోంచి తీశాం. సంచిలో మూడో వంతు నీళ్ళు, కప్పుతో కొలిచి పిల్లలు, మిగతా రెండు వంతులూ సిలిండర్ నుంచి ఆక్సిజన్. మా ఆయన గాలి పట్టిస్తారు, నేను మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు మూడు చుట్లు వేస్తాను. ఆ తర్వాత వేలితో కొట్టి చూడాలి. బాగా బిగిసిన సంచి డప్పులా మోగుతుంది. మామయ్య తన గదిలో కిటికీ పక్కన కుర్చీలో, ముక్కుకు గొట్టంతో కూర్చుని, ఆ చప్పుడును బట్టే తప్పు పట్టేస్తారు.

"అది మెత్తగా పలికింది. విప్పి ఇంకాస్త పట్టించు."

ముప్ఫై ఏళ్ళు ఆయన చేతులతో చేసిన పని. ఆ ముప్ఫై ఏళ్ళూ వేళ్ళ మధ్య సిగరెట్టు కూడా ఉండేదట. చేపలకు గాలి పట్టించి నాకు నేను పొగ పట్టించుకున్నాను అని ఆయనే నవ్వుతారు. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. అందుకని సగమే నవ్వుతారు.

మధ్యాహ్నం, మొన్న పంపిన లోడులో ఎనిమిది సంచులు వెనక్కి వచ్చాయి. దారిలో బండి చెడి ఒక రోజంతా ఆగిపోయిందట. సంచులు మాత్రం పంపినప్పటిలాగే బిగిసి ఉన్నాయి. వేలితో కొడితే మోగాయి. లోపల పిల్లలన్నీ తెల్లబడి అడుగుకు చేరాయి. గాలి ఇంత ఉండగా ఎలా చచ్చాయని మా ఆయన ఒక సంచిని ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

మామయ్య ఆ సంచిని కిటికీ దగ్గరికి తెమ్మన్నారు.

"గాలి అందక చావలేదురా ఇవి. వదిలిన ఊపిరి పోయే దారి లేక చచ్చాయి. పీల్చుకునేది ఒకటి, వదిలేది ఒకటి. సంచి బిగువు మొదటిదాని సంగతే చెప్తుంది. రెండోదాని సంగతి చెప్పదు."

తర్వాత నా వైపు తిరిగి, ఇది గుర్తు పెట్టుకోమని వేలు చూపించి మరీ అన్నారు: "సంచిలో చేప నిద్రపోదు పిల్లా. కదలకుండా పడుకుందంటే, సంచి ఎంత బాగా మోగినా సరే, విప్పెయ్."

6, బుధవారం

తొట్టి కడుగుతుంటే చచ్చిన పెద్ద చేప ఒకటి దొరికింది. మామయ్య దాన్ని పళ్ళెంలో పెట్టించుకుని మొప్ప ఎత్తి చూపించారు. లోపల ఎర్రటి దువ్వెనలు, ఒకదాని వెనక ఒకటి. నీళ్ళు నోట్లోంచి వచ్చి ఆ దువ్వెన పళ్ళ సందుల్లోంచి బయటికి పోతాయట. పళ్ళలో రక్తం దానికి ఎదురుగా పారుతుందట. ఎదురెదురుగా పోతేనే నీళ్ళలో ఉన్న గాలి చివరి బొట్టు దాకా రక్తానికి అందుతుందని ఎప్పుడో శిక్షణలో చెప్పారట. కప్ప చర్మంతో కూడా పీల్చుకుంటుంది. మిడతకు పక్కల వెంట సూది బెజ్జాలంత రంధ్రాలుంటాయి. కొర్రమీను మాత్రం మధ్య మధ్య పైకొచ్చి గాలి మింగాల్సిందే, వలేసి నీళ్ళ అడుగున ఆపితే చేపై ఉండి మునిగి చస్తుంది.

మనిషికి దువ్వెనలు ఎక్కడుంటాయని అడిగాను. మామయ్య దగ్గరైతే నాకు మాట వస్తుంది.

"మనకి సంచులంట. లోపల గుత్తులు గుత్తులుగా చిన్న చిన్న సంచులు. నావి సాగిపోయి కలిసిపోయాయని డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. మెత్తగా పలికే రకం."

ఈసారి పూర్తిగా నవ్వారు. పది నిమిషాలు దగ్గారు.

7, గురువారం

నర్సక్క ప్రతి గురువారం వస్తుంది. ముందు పేజీలు చూసి అంకెలు గుండ్రంగా రాస్తున్నావని మెచ్చుకుంది. సందేహాలు ఏమైనా ఉన్నాయా అంది. తల అడ్డంగా ఊపాను.

వదిన కూడా అప్పుడే వచ్చింది. మా ఆయనకు అక్క. రెండు వీధుల అవతల ఉంటుంది, రోజూ మధ్యాహ్నం తండ్రిని చూసి పోతుంది. నర్సక్క వెళ్ళాక మామయ్య పెదాలు నీలంగా ఉన్నాయని, ఇంట్లో మనిషి ఉండి కూడా ఏం లాభమని మొదలుపెట్టింది. నేను మూగనోము పట్టానట. గోడతో చెప్పుకున్నా కనీసం తిరిగి వినిపిస్తుందట. మామయ్య చెయ్యెత్తి ఆపబోయారు కానీ ఊపిరి చాలలేదు.

ఆ పెదాలు నిజంగానే నీలంగా ఉన్నాయి.

9, శనివారం

స్నానం చేయించి మంచం దగ్గరికి తీసుకొచ్చేసరికి మామయ్యకు ఊపిరి అందలేదు. మంచం అంచు రెండు చేతులా పట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడుతూ, నోరు తెరిచి. తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి చూడు, అచ్చం అలా. అవి అలా తేలితే మేం ఏం చేస్తాం? పరుగెత్తి ఏరేటర్ వేస్తాం. చక్రం నీళ్ళు చిలుకుతుంది, చేపలు కిందికి దిగిపోతాయి. గాలి ఎక్కువైందని చచ్చిన చేపను ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు.

మీటరు ఎనభై మూడు. మా ఆయన లోడుతో వెళ్ళారు. నాబు తిప్పాను. గుండు రెండో గీతకు తేలింది. ఐదు నిమిషాల్లో తొంభై ఒకటి. భుజాలు దిగాయి. మామయ్య నా చెయ్యి నొక్కి కళ్ళతో నవ్వారు.

ముందు వైపు ఒకటి అనే రాశాను. కాసేపే కదా.

10, ఆదివారం

వెనక్కి తిప్పడం మర్చిపోయాను. తొంభై నాలుగు.

11, సోమవారం

వదిన వచ్చి మామయ్య మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. బుగ్గల్లో ఎరుపు వచ్చింది, పెదాల నీలం పోయింది. నాన్న మళ్ళీ మునుపటిలా ఉన్నాడని కళ్ళు తుడుచుకుంది. తర్వాత వంటగదిలోకి వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుని టీ తాగింది. ఇలా కూర్చోవడం ఇదే మొదలు.

"ఏదో అన్నాను కానీ మనసులో పెట్టుకోకు. నీ చేతి చలవే ఇదంతా."

నేను ఇంకో అరగ్లాసు పోశాను.

ఆమె వెళ్ళాక గుండును మూడో గీతకు తెచ్చాను. ముందు వైపు ఒకటి. గాజు గొట్టం మీద తువ్వాలు వేశాను, దుమ్ము పడకుండా.

12, మంగళవారం

తొంభై ఆరు.

13, బుధవారం

మామయ్య హాయిగా నిద్రపోయారు. పొద్దున టిఫిను తిని పడుకున్నారు, మధ్యాహ్నం లేపి తినిపిస్తే మళ్ళీ పడుకున్నారు. నెలల తరబడి కూర్చునే తెల్లారబెట్టిన మనిషి. ఇప్పటికి కంటి నిండా నిద్ర పట్టింది. మా ఆయన గదిలోకి తొంగి చూసి, చప్పుడు చేయకు, పడుకోనీ అన్నారు.

తొంభై ఏడు. ముందు వైపు రాసేటప్పుడు ఏడు గుండ్రంగా కుదిరింది.

14, గురువారం

నర్సక్క సెలవులో ఉందట, రాలేదు. ఫోన్ చేసి అంకెలు అడిగింది. మా ఆయన పుస్తకం ముందు పేజీలు తెరిచి చదివి వినిపించారు. ఒకటో గీత, తొంభై ఆరు. ఒకటో గీత, తొంభై ఏడు. ఒకటి మీద అంత రావడం ఏమిటని ఆమె ఆశ్చర్యపోయిందట. అయితే ఇంకా తగ్గించి అర గీత మీద పెట్టి చూడండి, మగతగా ఉంటే మాత్రం వెంటనే చెప్పండి అందట. మా ఆయన నా వైపు తిరిగి, విన్నావుగా, తగ్గించు అన్నారు. తల ఊపాను.

"నాన్న మగతగా ఉన్నాడా?" అని అడిగారు.

నిద్రపోతున్నారు అన్నాను. మగత వేరు, నిద్ర వేరు.

తగ్గించబోయాను. మామయ్య మొహం చూశాను. ఇంత ప్రశాంతంగా ఉన్న మనిషిని మళ్ళీ ఆ నోరు తెరుచుకునే స్థితికి నా చేత్తో నేను తీసుకెళ్ళలేను.

15, శుక్రవారం

పొద్దున్నే తలనొప్పి అన్నారు. గ్లాసు ఇస్తే చేతిలోంచి జారిపోయింది. చేతులు ముందుకు చాపితే మణికట్ల దగ్గర చేప రెక్కల్లా అల్లాడుతున్నాయి. నీరసం. నన్ను అత్తయ్య అనుకుని, తొట్టిలో నీళ్ళు మార్చావా అని అడిగారు. అత్తయ్య పోయి ఆరేళ్ళు. నిద్రమత్తులో అందరూ ఏదో ఒకటి అంటారు.

తలనొప్పి గాలి చాలక కావచ్చు. నాలుగో గీత.

16, శనివారం

తొంభై ఎనిమిది.

ఈ రోజు ప్యాకింగ్. అరవై సంచులు. కిటికీలోంచి మామయ్య ఒక్క సంచికీ వంక పెట్టలేదు. అన్నీ బాగానే బిగించాం అనుకుంటాను.

17, ఆదివారం

మామయ్య లేవడం లేదు.

18, సోమవారం

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. పుస్తకం సంచిలో వచ్చేసింది. మీటరు, పుస్తకం రెండూ తెమ్మన్నారు కదా.

నిన్న పొద్దున పిలిచాను, పలకలేదు. భుజం కుదిపాను. మా ఆయన వచ్చి నాన్నా నాన్నా అని మొహం మీద నీళ్ళు చల్లారు. కళ్ళు సగం తెరిచి మూసుకున్నారు. గుర్రు మాత్రం వస్తోంది, అదీ మెషిన్‌దో ఆయనదో తెలియనంత నెమ్మదిగా. మెషిన్ ఒకటో గీత మీదే ఉంది. మా ఆయన కూడా చూశారు.

ఇక్కడ మొహానికి బిగుతుగా మాస్కు కట్టారు. అది ఆక్సిజన్ మాస్కు కాదట, ఊపిరిని లోపలికీ బయటికీ తోసే మెషిన్ అట. మణికట్టులోంచి రక్తం తీశారు. డాక్టరు పుస్తకం అడిగి తీసుకుని ముందు పేజీలు అన్నీ చూశాడు. ఒకటి, ఒకటి, ఒకటి. వేలితో కింది దాకా గీసుకుంటూ వచ్చాడు. ఇంకొన్ని పేజీలు తిప్పితే నా రాత తలకిందులుగా కనిపించేది. తిప్పలేదు. మూసి ఇచ్చేశాడు.

వదిన వచ్చింది. నన్ను చూసి, ఏడవకు, నువ్వు చేయగలిగింది చేశావు అంది.

19, మంగళవారం

సాయంత్రం డాక్టరు మా ఆయననూ వదిననూ వరండా చివరికి పిలిచి మాట్లాడాడు. నేను నాలుగు అడుగుల వెనక నిలబడ్డాను. డాక్టరు ఏం దాచలేదు. మామయ్య ఒంట్లో బయటికి పోవాల్సిన గాలి పేరుకుపోయిందట. ఆ విషంతోనే తెలివి తప్పిందట. ఒకటో గీత మీదే, ఆ కాస్త ఆక్సిజన్ మీదే ఇంత పేరుకుందంటే ఊపిరితిత్తులు చివరికి వచ్చేశాయని అర్థమట. మాస్కు తీస్తే మళ్ళీ మొదటికే వస్తుందట. గొంతులో గొట్టం వేసి పెద్ద మెషిన్ మీద పెట్టినా మళ్ళీ దాన్ని తీసే రోజు రాదట.

"ఆయన్ని ఇంకా బాధపెట్టి లాభం లేదు. రేపు పది గంటలకి మాస్కు తీసేద్దామా, ఇంటికి తీసుకెళ్తారా, మీరంతా మాట్లాడుకుని చెప్పండి."

వదిన గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. మా ఆయన సరే సరే అని తల ఊపుతూనే ఉన్నారు, డాక్టరు వెళ్ళిపోయాక కూడా.

నర్సక్క సెలవు నుంచి వచ్చి మామయ్యను చూడడానికి వార్డుకు వచ్చింది. ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోతుంటే వెనకే మెట్ల దాకా వెళ్ళాను. నా అంతట నేను ఆమెను అడిగిన మొదటి మాట ఇది.

"నర్సక్కా, ఒకటి దాటితే ఏమవుతుంది?"

ఆమె మెట్టు మీద కూర్చుని నన్నూ కూర్చోమంది. తన చేతి సంచిలోంచి చిన్న కవరు తీసి ఊది చూపించింది. లోపల ఇలాంటివి కోట్ల కొద్దీ ఉంటాయంది. దాని గోడ మన కనురెప్ప కన్నా ఎన్నో రెట్లు పలచన. గోడ ఇవతల గాలి, అవతల రక్తం. మంచి గాలి రక్తంలోకి వెళ్తుంది, వాడేసిన గాలి రక్తంలోంచి సంచిలోకి వచ్చి ఊపిరితో బయటికి పోతుంది. రెండు పనులూ ఒక్క గోడ దగ్గరే. మామయ్యలాంటి వాళ్ళకు వాడేసిన గాలి ఎప్పుడూ కొంత మిగిలిపోతూనే ఉంటుంది. ఒళ్ళు దానికి అలవాటు పడిపోయి, మంచి గాలి కొంచెం కొరతగా ఉంటేనే బలంగా ఊపిరి తీస్తూ ఉంటుంది. అలాంటి వాళ్ళకు ఆక్సిజన్ ఎక్కువ పెడితే ఊపిరి మందగిస్తుంది. రక్తం కూడా చెడిన సంచుల వైపే దారి పడుతుంది. వాడేసిన గాలి లోపలే ఉండిపోతుంది. మొదట మొహం ఎర్రబడుతుంది, తలనొప్పి వస్తుంది, చేతులు అల్లాడతాయి, నిద్ర వస్తుంది.

"వేలి మీటరు మంచి గాలినే చూపిస్తుందమ్మా. రెండోది దానికి తెలీదు. తొంభై ఎనిమిది చూపిస్తూనే మనిషి పోతాడు."

ఆమె చేతిలో కవరు ఇంకా బిగిసే ఉంది. వేలితో కొట్టి చూడబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇదే మాట మామయ్య నాకు పన్నెండు రోజుల ముందే చెప్పారు. కిటికీ దగ్గర, చచ్చిన చేపపిల్లల సంచి పక్కన పెట్టుకుని, వేలు చూపించి మరీ.

కాదు, పద్నాలుగు రోజులు. మంగళవారం నుంచి మంగళవారం, మళ్ళీ మంగళవారం.

20, బుధవారం, పొద్దున

పది గంటలకు ఇంకా మూడు గంటలుంది. రాయాల్సింది రాస్తాను.

శనివారం, తొమ్మిది, రెండో గీత. మర్చిపోయాను అని రాశాను. మర్చిపోలేదు.

సోమవారం మధ్యాహ్నం నుంచి మూడో గీత. వదిన మెచ్చుకుందని. తువ్వాలు దుమ్ముకు కాదు.

గురువారం అర గీతకు తగ్గించమంటే తగ్గించలేదు. మగత అని తెలుసు. నిద్ర అన్నాను.

శుక్రవారం నుంచి నాలుగో గీత. మూడు రోజులు.

ఆదివారం పొద్దున మామయ్య లేవకపోతే ముందు నాబును ఒకటికి తిప్పాను. తర్వాత మా ఆయనను పిలిచాను.

ఒకటో గీత మీద ఈ స్థితికి రాలేదు మామయ్య. నాలుగో గీత మీద వచ్చారు. ఆ తేడా డాక్టరుకు తెలియాలి. తెలియకపోతే పది గంటలకు మాస్కు తీసేస్తారు.

20, సాయంత్రం

నర్సక్క ఎనిమిదింటికి వచ్చింది. పుస్తకం తిరగేసి వెనక వైపు తెరిచి చేతిలో పెట్టాను. ఆమె నిలబడే చదివింది. రెండో పేజీ తిప్పేసరికి కూర్చుంది. తర్వాత నా రెక్క పట్టుకుని డాక్టరు గదికి తీసుకెళ్ళింది. మా ఆయన, వదిన అప్పటికే అక్కడ ఉన్నారు, ఏం నిర్ణయించుకున్నారో చెప్పడానికి. మా ఆయన చేతిలో కాగితం ఉంది, సంతకం పెట్టాల్సింది.

నర్సక్క నా పేజీలు చదివి వినిపించలేదు. మెషిన్ ఒకటి మీద లేదు డాక్టరుగారూ, మిగతాది ఈమె చెప్తుంది అంది.

అందరూ నా వైపు చూశారు. పెళ్ళిలో కూడా ఇంతమంది కళ్ళు నా మీద ఉన్నాయని నాకు అనిపించలేదు.

"ఎంత మీద ఉంది?" డాక్టరు అడిగాడు.

"నాలుగు."

"ఎన్ని రోజులు?"

"నాలుగు మీద మూడు రోజులు. అంతకుముందు మూడు. అంతకుముందు రెండు. నేనే తిప్పాను. ఒకటి అని రాసిందీ నేనే."

డాక్టరు కేకలేస్తాడనుకున్నాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అయితే ఇది చివరిదశ అని నేను చెప్పలేను అన్నాడు. పేరుకున్నది జబ్బు వల్ల కాదు, మనం పెట్టిన గాలి వల్ల. దిగే అవకాశం ఉంది. మాస్కు తీయం. అవసరమైతే గొట్టం కూడా వేస్తాం, ఇప్పుడు దానికి అర్థం ఉంది. మా ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి సొరుగులో పడేశాడు.

వరండాలోకి వచ్చాక వదిన నా ముందుకు వచ్చి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండును.

"నోరు లేని పిల్ల, ఏం తెలుసులే అనుకున్నాను. నోరు లేకపోవడమే కొంప ముంచిందే నీది." మళ్ళీ తనే అంది, "రంగు వచ్చిందని మురిసిపోయింది నేనే కదూ."

మా ఆయన వెళ్ళి వరండా చివర కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు.

21, గురువారం

మాస్కు. రక్తం తీశారు. కొంచెం దిగిందట.

22, శుక్రవారం

ఇంకొంచెం దిగింది. మామయ్య చెయ్యి పట్టుకుంటే వేళ్ళు ముడిచారు.

మా ఆయన నాతో మాట్లాడి మూడు రోజులు.

23, శనివారం

కళ్ళు తెరిచారు. మాస్కులోంచి ఏదో అన్నారు. వంగి చెవి పెట్టాను.

"తొట్లకి మేత వేశారా?"

వేశామని చెప్పి బయటికి వచ్చి ఏడ్చాను. వదిన వచ్చి పక్కన నిలబడింది, ఓదార్చలేదు, వెళ్ళిపోనూ లేదు.

27, బుధవారం

ఇంటికి వచ్చాం. డాక్టరు అదే మెషిన్, అదే ఒకటో గీత అన్నాడు. రాత్రుళ్ళు మాత్రం కొన్నాళ్ళు ఆ తోసే మాస్కు. మామయ్య పాతికేళ్ళ వాడు కాలేదు. మంచం నుంచి కుర్చీకి నాలుగు అడుగులు, మధ్యలో ఒకసారి ఆగాలి. పెదాలు నీలంగానే ఉన్నాయి. తొంభై. తొంభై చాలు.

మా ఆయన ప్యాకింగ్ షెడ్డులోంచి ఒక రబ్బరు బ్యాండు తెచ్చారు. గుండును ఒకటో గీత మీదకు తెచ్చి, నాబు చుట్టూ మూడు చుట్లు వేసి, పక్క కొక్కేనికి బిగించారు. నేను మూతి కట్టే పద్ధతిలోనే. తువ్వాలు తీసి నా భుజం మీద వేశారు.

"నన్నొక మాట అడగొచ్చు కదా" అన్నారు. ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట. నేను ఆ తువ్వాలు తీసి మడతపెట్టాను. మళ్ళీ ఆయనే, "నువ్వేం అనుకుంటున్నావని నేనూ ఎప్పుడూ అడగలేదులే" అని షెడ్డులోకి వెళ్ళిపోయారు.

28, గురువారం

మామయ్యకు ఏం తెలియదు. వదిన వద్దంది. కోలుకుంటున్న మనిషి, నీ చెయ్యే అని తెలిస్తే నీ చేతి మంచినీళ్ళు కూడా గొంతు దిగవు, ఈ ఇంట్లో ఆయన నమ్మేది నిన్ను ఒక్కదాన్నే అంది. అది తిట్టో, జాలో తెలియలేదు.

మధ్యాహ్నం మామయ్య మెషిన్ వైపు చూసి అడిగారు.

"దానికి రబ్బరు బ్యాండు ఎవరు కట్టారు? బాగా కట్టారు. ఎందుకు కట్టారు?"

మా ఆయన నన్ను చూశారు. వదిన గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. నేను నాబు జారిపోతోందని చెప్పాను. మళ్ళీ అబద్ధం. మామయ్య నా మొహంలోకి అలాగే చూశారు. సంచి చప్పుడు వినేటప్పుడు చూసే చూపు. మెత్తగా పలికింది, తెలిసిపోయింది. విప్పమని మాత్రం అనలేదు.

29, శుక్రవారం

ముందు వైపు అంకెలూ వెనక వైపు నా రాతా ఒకదానికొకటి ఎదురై వచ్చి, మధ్యలో రెండు పేజీలే మిగిలాయి. ఈ రెండూ మీకు, మామయ్యా.

ఈ పుస్తకం మీ దిండు కింద పెడుతున్నాను. ముందు వైపు నుంచి చదవకండి, అందులో తొమ్మిదో తారీఖు నుంచి పదిహేడు దాకా ఉన్నదంతా అబద్ధం. వెనక నుంచి చదవండి. తప్పులుంటాయి, కూడబలుక్కుని చదువుకోండి. వదిన వద్దంది, మా ఆయన ఏమీ అనలేదు. నేనే ఇస్తున్నాను. నా చేతి నీళ్ళు మీకు ఇక వద్దనిపిస్తే వదిన చేత ఇప్పించుకోండి, గ్లాసు కడిగి అక్కడ పెట్టి ఉంచుతాను.

మీరు విప్పెయ్ అన్నారు. నేను ఇంకా బిగించాను. ఇప్పటికి విప్పాను.

చదివాక దీన్ని కాల్చేయండి. ఈ గదిలో మాత్రం వద్దు, తలుపు మీద కాగితం ఉంది, ఆక్సిజన్ ఉన్న చోట అగ్గిపుల్ల గీయకూడదు. ఇంకెవరికీ ఇచ్చి కాల్పించనూ వద్దు. చెరువు గట్టు మీద, మీ చేత్తో. గట్టు దాకా నూట పదమూడు అడుగులు, నిన్న నేను నడిచి చూశాను. మధ్యలో మూడు చోట్ల పీటలు వేయిస్తాను, కూర్చుని ఊపిరి తీసుకోవచ్చు. ఎన్ని నెలలు పట్టినా సరే. అంత దూరం మీ కాళ్ళతో మీరు నడిచి వెళ్ళగలిగిన రోజున కాల్చేయండి. అంతవరకు మీ దగ్గరే ఉంచుకోండి.